చుట్టరికాలు తెలియనివాళ్ళు

మాత్రలు ఎగ్గొట్టి ఉంటాడు, ఇంకేముంటుంది. ఆసుపత్రి బెంచీ మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నా అక్క బుర్రలో అదే మాట గిరగిరా తిరుగుతోంది. ఈపాటికి లాండ్రీలో ఇస్త్రీపెట్టె పట్టుకోవాల్సిన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. ఊరికే ఉన్నా లాగుతూనే ఉన్నాయి. తను ఇచ్చిన కిడ్నీ తమ్ముడి ఒంట్లో ఏడాదిగా బుద్ధిగా పనిచేస్తూ వచ్చింది. ఇప్పుడు రక్తపరీక్ష తేడాగా వచ్చింది. తన దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక్క పూటైనా పేచీ పెట్టని కిడ్నీ. అత్తారింటికి పంపిన కూతురి గురించి బెంగపెట్టుకున్నట్టు ఉంది తన వరస. నవ్వు రాబోయింది గానీ, అలసటలో ఎక్కడో దారి తప్పింది.

"నిజం చెప్పరా. ఎన్ని పూటలు మానేశావు?"

"ఒక్కటీ మానలేదక్కా."

"మరి దానంతటదే అలిగిందా? లోకంలో అక్కలందరూ తమ్ముళ్ళని కడుపులో పెట్టుకు చూసుకుంటారు. నేను ఎదురు నీ కడుపులో కాపురం పెట్టాను. నన్ను అనాలి."

పక్క బెంచీ మీద ముసలాయన కిసుక్కున నవ్వాడు. తమ్ముడు తల దించుకున్నాడు. సెలూన్లో ఎంత పెద్దమనిషి తలనైనా రెండు వేళ్ళతో వంచేవాడు, అక్క ముందు తన తలే వంచుతాడు.

చిన్నప్పటి నుంచీ అంతే, నోట్లో నాలుక లేదు. వదులు చొక్కా కొనిచ్చినా "బావుందక్కా". ఉప్పు మరిచిపోయి కూర పెట్టినా "బావుందక్కా". ఏది ఇచ్చినా మెచ్చేవాడు ఇంట్లో ఒకడున్నాడని ఆమెకు అదో ఊరట. ఆపరేషన్ అయి ఏడాది నిండిందని ఈమధ్యే బూట్లు కొనిచ్చింది, రోజంతా నిలబడి చేసే పని కదా అని. కొలత అడగలేదు. లేసులు కట్టి బడికి పంపిన పాదం. తన జాన మీద మూడు వేళ్ళని చేతికే గుర్తు. ఇవాళ కూడా అవే, నల్లగా మెరుస్తూ కాళ్ళకున్నాయి. మాత్రల మీద లేని శ్రద్ధ వాటి మీదైనా ఉంది.

లోపలికి పిలిచారు. తమ్ముడు అడుగులో అడుగు వేసుకుంటూ కదిలాడు.

"పెళ్ళికూతురిలా ఆ నడకేమిట్రా? పద."

డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుంది. ఆమెకూ నిద్ర చాలినట్టు లేదు.

"మాత్రలు మింగడం లేదు కదండీ?" అంది అక్క, కూర్చోకుండానే.

"మింగుతున్నాడమ్మా. రక్తంలో మందు ఉండాల్సినంత ఉంది. అతన్నేమీ అనకండి."

అక్క కూలబడింది. వారం నుంచి తిట్టిన తిట్లన్నీ తీసుకెళ్ళి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మరెందుకిలా?"

"ఒంట్లో ఎక్కడో వాపుంది. చీము పట్టి ఉండొచ్చు. ఒంట్లో కాపలావాళ్ళుంటారు కదా, మీ కిడ్నీ జోలికి పోకుండా వాళ్ళని మందులతో జోకొట్టి ఉంచాం. ఎక్కడైనా పుండుపడి వాచిందంటే వాళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. లేచినవాళ్ళు ఆ పుండు దగ్గరే ఆగరు. పరాయివాళ్ళెవరా అని ఇల్లంతా గాలిస్తారు."

"నేను పరాయిదాన్నా? తోడబుట్టినదాన్నండీ!"

"వాళ్ళకి చుట్టరికాలు తెలియవమ్మా."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "పన్ను నొప్పి? గొంతు? మూత్రంలో మంట? ఎక్కడైనా దెబ్బ? ఆలోచించి చెప్పు. అది దొరికితే కిడ్నీని కాపాడుకునే వీలుంది. ఇలాగే సాగితే పోతుంది."

"ఏమీ లేదండీ. బానే ఉంది."

అక్క చప్పున తలెత్తింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆరోజు కూర మొత్తం వాడు తినేశాక, గిన్నె అడుగున మిగిలింది తను నోట్లో పెట్టుకుంటే గానీ ఉప్పు లేదని తెలియలేదు. వాడి ముఖం చూసింది. అందులో ఏమీ లేదు. కిందికి చూసింది. రెండు పాదాలూ మెల్లగా కుర్చీ కిందికి జరుగుతున్నాయి.

మోకాళ్ళు కలుక్కుమంటున్నా నేల మీద కూర్చుని, కుడికాలి లేసు అందుకుంది.

"అక్కా, బూట్లు బావున్నాయక్కా."

"నోర్ముయ్."

బూటు ఒక పట్టాన ఊడి రాలేదు. వచ్చాక మేజోడు మడమకు అతుక్కుపోయి ఉంది. డాక్టరమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి దాన్ని తడిపి ఒలిచింది. మడమ వెనక ఎర్రగా ఉబ్బి, నడుమ పచ్చగా చీము.

"దొరికింది," అంది డాక్టరమ్మ. "ఇంకా చెయ్యి దాటిపోలేదు. వార్డులో చేర్చుకుంటాను. ఆ బూట్లు మాత్రం మళ్ళీ తొడగొద్దు." ఫోను ఎత్తి నర్సుతో మాట్లాడసాగింది.

అక్క ఇంకా నేల మీదే ఉంది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు కదరా. మొదటిరోజే కరిచి ఉంటాయి. ఇరుకు అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది?"

తమ్ముడు వాచిన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"కిడ్నీ ఇచ్చిన మనిషివి. బూట్లు పట్టలేదని ఏ నోటితో చెప్పనక్కా?"

ఆమె ఎడమకాలి బూటు కూడా లాగేసి కుర్చీ పట్టుకుని లేచింది. బూట్లు రెండూ తీసి చంకలో పెట్టుకుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, తన కాళ్ళ చెప్పులు విడిచి, మునివేళ్ళతో అతని ముందుకు తోసింది.

"ఇవి వేసుకుని నడువు."

అతను చెప్పుల వంక చూశాడు. అక్క వంక చూశాడు.

"ఇవీ ఇరుకేనక్కా," అన్నాడు.