భుజం మీద చెయ్యి

బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు వినబడుతున్నంతసేపే ఆమెకు వ్యవధి.

కుట్టుమిషను మీదున్న చొక్కా ముక్కలు పక్కకి తోసి ఫోన్ అక్కడ పెట్టుకుంది. తెర మీద సముద్రం. ఒడ్డున తను. పక్కన ఆ మనిషి. ఆమె భుజం మీద చెయ్యేసి, లోకంలో తనంత అదృష్టవంతుడు లేడన్నట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఆ నవ్వంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణమే. అబద్ధమెందుకు? ఒకప్పుడు ఆ మనిషి కోసం పుట్టింటివాళ్ళతో మాటలు కూడా మానుకుంది.

ఇప్పుడు ఆ మనిషిని మాయం చెయ్యాలి, మాస్టారు స్నానం ముగించి వచ్చేలోగా.

మాస్టారంటే ఆమె భర్త. బడి వదిలి చాలాకాలమైనా ఆ పిలుపూ పోలేదు, పిల్లల్ని హడలగొట్టిన ఆ గొంతూ పోలేదు. నిన్న ఆమె ఫోన్లో ఇంకో ఫొటో చూసి ఆయన వేసిన కేకలు వీధంతా విన్నది.

"ఎవడు వీడు?"

"ఎవరూ లేరండీ."

"లేకుండానే నిన్ను ఆనుకుని నిలబడ్డాడా? ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ భాగోతం?"

ఆయన చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయారు. ఇస్త్రీబండి అతను చూసి, బతిమాలి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. ఆమె పెట్టిన భోజనం ముట్టలేదు. "వాడు ఇంకోసారి నా కంటబడ్డాడంటే ఈ ఇంట్లో ఉండను" అని మాత్రం అన్నారు.

అన్నంత పనీ చేసే మనిషి. నిజంగానే వెళ్ళిపోతే? ఆయన లేకుండా ఆమెకి తెల్లవారదు.

పొద్దుటికి కోపం దిగింది. "సముద్రం దగ్గర నీ ఫొటో ఒకటి ఉండాలే. వెతికిపెట్టు, స్నానం చేసొచ్చి చూస్తా" అన్నారు. లేదంటే అనుమానం. ఉందంటే ఆ మనిషి. వేరేది చూపిద్దామా అంటే, ఫోన్లో ఏ ఫొటో తీసినా పక్కన ఆ మనిషే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫొటోలు దిద్దే యాప్ ఎక్కించుకోమని చెప్పింది మాస్టారి చెల్లెలు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఈవిడ మొదటినుంచీ వదిన పక్షమే. ఇప్పుడూ స్పీకర్లో గుసగుసలాడుతోంది.

"వదినా, 'తొలగించు' అని ఉంటుంది, నొక్కు. ఇప్పుడు మనిషి మీద వేలితో రుద్దు. మనిషంతా ఎర్రగా అయిపోవాలి."

రుద్దింది. తల, మెడ, చొక్కా. ఆ చొక్కా తను కుట్టిందే. కళ్ళు మూసుకుని నొక్కింది. తెరిచేసరికి ఆ మనిషి ఉన్నచోట నీళ్ళు, ఇసుక.

చెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఆమె భుజం మీద, మనిషి లేని చెయ్యి.

"ఇదేంటమ్మా, చెయ్యి పోలేదు!"

"పెద్దది చేసుకుని రుద్దు. తొందరగా కానీ వదినా, అన్నయ్య వచ్చేస్తాడు."

రుద్దితే చెయ్యితో పాటు ఆమె భుజమూ సగం ఊడిపోయింది. వెనక్కి తెచ్చింది. చెయ్యి మళ్ళీ వచ్చి కూర్చుంది.

నీళ్ళ చప్పుడు ఆగింది.

బట్ట చిరక్కుండా కుట్టు విప్పడం ఆమెకి చేతనైన పనే. అలాగే ఒక్కో వేలూ చెరిపింది. చివరి వేలు దగ్గరికి వచ్చేసరికి తెర మసకబారింది.

"ఏడుస్తున్నావా వదినా?"

"లేదు."

"అరచెయ్యి అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఎన్నాళ్ళని ఆపుతావు?"

"ఆపగలిగినన్నాళ్ళు."

గడియ తీసిన శబ్దం. ఆమె గభాల్న కాల్ కట్ చేసింది. అప్పుడు చూసింది, ఇసుక మీద ఆ మనిషి నీడ ఇంకా ఉంది. పొడుగ్గా, ఆమె నీడని ఆనుకుని. ఒక్క ఉదుటున రుద్ది నొక్కింది. యాప్‌లో చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. తడికాళ్ళ చప్పుడు గదిలోకి వచ్చేసింది.

"దొరికిందా?"

నీడ మాయమైంది. ఆయన చెయ్యి చాచారు.

ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుని, ఫొటోని ఆ మూల నుంచి ఈ మూలకి జరిపారు. పరీక్ష పేపర్లో కాపీ కొట్టిన వాక్యం కోసం వెతికేటప్పటి చూపు అది. ఆయన వేలు భుజం దగ్గర ఆగింది.

"ఇక్కడేంటి, అలుక్కుపోయినట్టుంది?"

"గాలికి కెమెరా కదిలినట్టుందండీ."

"ఒక్కదానివే వెళ్ళావా?"

"ఒక్కదాన్నే."

ఆయన మొహం విచ్చుకుంది. "ఎంత బావున్నావో! ఈసారి వెళ్తే నన్నూ తీసుకెళ్ళు."

"తప్పకుండా తీసుకెళ్తాను."

"ఉండు, తల దువ్వుకొచ్చి మళ్ళీ చూస్తా." ఫోన్ ఆమె చేతికిచ్చి, దువ్వెన తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళారు.

ఆమె కుర్చీలో కూలబడింది. ఆడపడుచుకి మళ్ళీ ఫోన్ చేసింది.

"గండం గడిచింది" అంది. "మీ అన్నయ్య నమ్మారు."

అంతలో లోపలి నుంచి మాస్టారి కేక: "ఏమే, వాడు మనింట్లోనే ఉన్నాడు, బీరువా అద్దంలో నించుని నా దువ్వెనతోనే తల దువ్వుకుంటున్నాడు!"