పులితో పేకాట

"పులి మళ్ళీ తోసీసింది బావా," అన్నాడు కొండబాబు, నగరేశ్వరరావు సెల్లులోకి తొంగిచూసి.

చీపురుపల్లి బజారులో మధ్యాహ్నం పూట బట్టల కొట్టుకి బేరాలు రావు. ఆ వేళ నగరేశ్వరరావు గల్లా వెనక కూచుని సెల్లులో పోకర్ ఆడుకుంటాడు. పెద్ద పందేలు కాదు, టీ ఖర్చుపాటి ఆట. ఆ మాత్రం ఆటకే 'పులి' అనే పేరుతో ఎవడో ఒకడు ప్రతి పంపకంలోనూ ఉన్న చిప్సన్నీ, అంటే పందెం బిళ్ళలన్నీ, ఒక్కసారే ముందుకు తోసేస్తాడు. దాన్ని ఆల్ ఇన్ అంటారు. ఎదుటివాడు కూడా ఉన్నదంతా పెట్టాలి, లేదా ముక్కలు పడేసి తప్పుకోవాలి. నగరేశ్వరరావు తప్పుకుంటాడు. చేతిలో రెండు రాణులున్నా తప్పుకుంటాడు.

ఇప్పుడూ తప్పుకున్నాడు. వెంటనే చాటింగులో పులి రాసింది: "కొట్టు కట్టీసి పోయి పడుకో."

"నీకు కొట్టుందని ఆడికెలా తెలిసింది?"

"నా పేరు అలాగే పెట్టేను కదరా. బుజ్జమ్మ క్లాత్ స్టోర్స్, చీపురుపల్లి అని. ఆటకి ఆట, పబ్లిసిటీకి పబ్లిసిటీ."

కొండబాబుది పక్కనే రీచార్జి కొట్టు. ఈ ఆట నేర్పిన గురువు అతనే.

"ఊరికే తోసేవోడి సేతిలో ఏటీ ఉండదు బావా. ఉత్త అరుపు. మంచి ముక్కలొచ్చేదాకా నోరు మూసుకో. వచ్చేక మటుకు కదలకు."

అంతలో మేడ మీంచి నగరేశ్వరరావు భార్య బుజ్జమ్మ దిగింది.

"ఏటండీ, మేస్త్రీ రేపొస్తాడంట. తూరుపు గోడ కొట్టించి గుమ్మం పెట్టిస్తన్నాం."

"తూరుపున పక్కింటి లక్ష్మణమ్మగారి బాత్రూం ఉన్నాది బుజ్జీ. గుమ్మం తీస్తే తిన్నగా అందులోకే ఎల్తాం."

"వాస్తు ఆయన తూరుపన్నాడు. బాత్రూం సంగతి ఆవిడ సూసుకుంటాది."

"ఆవిడేటి సూసుకుంటాది? మనల్నా?"

"కాదంటే కాదని సెప్పండి. మా అమ్మోలింటికి పోతాను."

ఇది కూడా ఆల్ ఇన్నే. పెళ్ళయిన దగ్గర్నుంచీ బుజ్జమ్మ ఈ మాట అనడం, నగరేశ్వరరావు ముక్కలు పడేయడం జరుగుతూనే ఉన్నాయి. వంటిల్లు అలాగే వీధి వైపుకి వచ్చింది. దేవుడు అలాగే ఫ్రిజ్ పక్కకి చేరాడు. కానీ ఈసారి నగరేశ్వరరావు చేతిలో ఉన్నది పరాయి ఇంటి బాత్రూం. ఇంతకంటే మంచి ముక్కలు ఈ జన్మలో పడవు. అతను కొండబాబు వైపు చూశాడు. కొండబాబు 'కదలకు' అన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

"ఎల్లు," అన్నాడు నగరేశ్వరరావు.

"ఏటీ?"

"ఎల్లమన్నాను."

బుజ్జమ్మ పెట్టె సర్దింది. చీర మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. స్టేషన్ దాకా వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది. అతను పెట్టె మోసుకుంటూ వెనకే నడిచాడు. ఆమదాలవలసకి టిక్కెట్టు తీసుకున్నాక, "పాసింజరు ఎలాగూ లేటే లెండి," అంది, ఆలోచించుకోవడానికి అతనికి వ్యవధి ఇస్తూ. ఉండిపొమ్మని అతను నోరు తెరవబోయాడు. అప్పుడే బండి వచ్చేసింది. ఆ పాసింజరు టైముకి రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. నలుగురూ చూస్తుండగా ఆవిడకి ఎక్కక తప్పలేదు, అతనికి పెట్టె అందించక తప్పలేదు.

గెలుపంటే ఏమిటో మర్నాటికి తెలిసొచ్చింది. కాఫీ పొడి దొరకలేదు. దొరికింది ధనియాల పొడి అని తాగాక తెలిసింది. వచ్చిన మేస్త్రీని తిప్పి పంపేశాడు కాబట్టి గుమ్మం ఎక్కడిదక్కడే ఉంది గాని, అందులోంచి పిలిచే మనిషి లేదు.

ఆగలేక ఆమదాలవలసకి ఫోన్ చేశాడు. మావగారు జగన్నాధంగారు ఎత్తారు. ఆయన బియ్యం వ్యాపారి. ఆ ఇంట్లో అత్తగారి గొంతే గాని ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఇన్నేళ్ళలో అల్లుడితో ఆయన మాట్లాడింది ఒక్కటే మాట. ఇప్పుడూ అదే అన్నారు.

"మీ అత్తగారికిస్తానుండండి."

అత్తగారు, "గుమ్మం పెట్టించీసి అప్పుడు సెయ్యండి బాబూ," అని పెట్టేసింది.

"మెత్తబడకు బావా," అన్నాడు కొండబాబు. "అవతల ఏటీ లేదు."

"ఇవతలా ఏటీ లేదురా. పొద్దున్నుంచి అన్నం కూడా లేదు."

బుజ్జమ్మ వెళ్ళిన నాటి నుంచీ పులి కూడా ఆటలోకి రాలేదు. తనని తిట్టేవాళ్ళు ఇంట్లోనూ లేక, ఫోన్లోనూ లేక నగరేశ్వరరావుకి పిచ్చెక్కినట్టయింది. అందుకే వారం పోయాక ఓ మధ్యాహ్నం పులి కనబడేసరికి అయినవాళ్ళొచ్చినంత సంతోషించాడు.

ముక్కలు పంచారు. అతనికి రెండు ఆసులు పడ్డాయి. రేపు మేస్త్రీని పిలవాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు. ఇంట్లో ఎలాగూ ఓడిపోయాడు, ఇక్కడైనా ఒక్కసారి మగాడిలా ఆడదామనుకున్నాడు. ఉన్న చిప్సన్నీ ముందుకు తోసేశాడు.

పులి ముక్కలు పడేసింది.

"పులి తప్పుకున్నాది బావా," అన్నాడు కొండబాబు, నమ్మలేక. "నేను సెప్పలేదా, ఉత్త అరుపని. ఉండు, ఏదో రాస్తన్నాడు."

ఇద్దరూ సెల్లు మీదకి వంగారు.

"అల్లుడుగారూ, మీరే గెలిసేరు. తూరుపు గుమ్మం ఖర్సు నేను పెట్టుకుంటాను, రేపటి పాసింజరుకొచ్చి మీ ఆవిణ్ణి తీసుకుపోండి. ఇక్కడ తల్లీకూతుళ్ళు కలిసి నా మంచం మెట్ల కిందకి మార్పించీసేరు. వాస్తంట."