ముప్పై డెస్క్‌టాపులు

ముప్పై తెరల్లో ఒక్కటే వెలిగింది.

గోడ గడియారంలో తొమ్మిదీ ఐదు. పదింటికి పరీక్ష.

సర్వర్ ఉద్యోగాలకు కావలసిన ఈ సర్టిఫికెట్ పరీక్ష ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. ఇవాళ ఈ కరీంనగర్ సెంటర్ ఆగిపోతే ముప్పై మందికి ఏడాది పోతుంది.

ల్యాబ్ ఇన్‌చార్జి నవనీత మిగతా తెరలన్నీ ఆపి మళ్లీ వేసి చూసింది.

ఆ తెరల కింద కంప్యూటర్లు లేవు. ముప్పై డెస్క్‌టాపులూ పక్కగదిలోని ఒకే సర్వర్‌లో, ఒకే నమూనా నుంచి తయారవుతాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు. ఆ పేర్ల వరస నిన్న ఇచ్చింది తనే.

"పేర్లేం పెట్టినవ్ బిడ్డా?"

తలుపు దగ్గర ఒకాయన. యాభై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు. కూతుర్ని పరీక్షకు తీసుకొచ్చిన తండ్రి అనుకుంది.

"బయటోళ్లు లోపటికి రావొద్దు కాకా."

"పోత గని, పేర్లేం పెట్టినవ్?"

విసుగ్గా చూపించింది. జిల్లా పేరు, కాలేజీ పేరు, పరీక్ష పేరు, చివర నంబరు.

"గిదేమన్న లగ్గం పత్రికనా? ఇంగ్లిషుల పదిహేను అక్షరాలు దాటితె తోక తెగుతది. నీ నంబర్లు తోకలనే ఉన్నయి. ముప్పైటికి ఒక్కటే పేరైంది. ఒకటి లోపటికొస్తె తక్కినయి బయటనే."

"ఇప్పుడెట్ల కాకా?"

"అన్ని తీసెయ్. మూడక్షరాలు పెట్టు, పక్కకు నంబరు పెట్టు."

తీసేసింది. కొత్త పేరు కొట్టి, ముప్పై అని నొక్కబోయింది.

"ఆగాగు! అన్ని ఒక్కపారే అంటె సర్వర్ దమ్ము ఆగుతది. పది పది చెయ్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మొదటి పది లేచాయి. నవనీత ఒక తెర మీద చెయ్యి వేయబోయింది.

"జర ఆగు. పేరు రాంగనే అయిపోలే. పరీక్ష సెట్టింగులు ఎక్కాలె. నడుమ ముట్టుకుంటె మళ్ల మొదటికే."

రెండో పదిలో రెండు మధ్యలోనే నిలిచిపోయాయి.

ఆయన గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై.

"బిడ్డా, నేను జర గేటు దాక పోయొస్త. తొమ్మిది ముప్పావుకు..."

"ఇది సగంల ఇడిసిపెట్టి పోతరా? నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు కాకా."

లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. ఆ రెండింటినీ తీయించి మళ్లీ చేయించాడు. తర్వాత ఆఖరి పది.

తొమ్మిదీ యాభై రెండుకు ముప్పై తెరలూ వెలిగాయి.

నవనీత ఊపిరి వదిలింది. అంతలోనే బయట అడుగుల చప్పుడు.

"ఇగ మీరు ఎనుక తలుపు నుంచి పోండ్రి కాకా. బయటోళ్లు కనవడితె నా నౌకరి పోతది."

"గదే బిడ్డా, నేను..."

"తర్వాత మాట్లాడుదాం. జల్ది పోండ్రి."

ఆయన కవరు తీసుకుని వెళ్లిపోయాడు.

పదింటికి పరీక్ష మొదలైంది. గదిలో కీబోర్డుల చప్పుడు తప్ప మరేం లేదు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది.

గేటు దగ్గర వేలిముద్రలు తీసుకునే మొండయ్య కాగితంతో వచ్చాడు.

"ఇరవై తొమ్మిది మంది వచ్చిండ్రు మేడం. ఒక్కడు ఆగం చేసుకున్నడు. తొమ్మిది ముప్పావుకు గేటు బందు వెట్టినంక వచ్చిండు."

"ఏమన్నడు?"

"ఏందో చెప్పవోయిండు, నేను ఇనలే. నిమిషం లేటైనా రూలు రూలే గద. దండం వెట్టి పోయిండు, పాపం."

గైర్హాజరు కాగితం మీద సంతకం పెట్టబోయిన నవనీతకు, పర్శరాములు, ఖానాపూర్ అన్న పేరు పక్కన చిన్న ఫొటోలో, ఇందాక తను వెనక తలుపు నుంచి పంపేసిన కాక కనిపించాడు.