చాడీలు చెప్పే పుస్తకాలు

ఇప్పుడు పుస్తకాలు చాడీలు చెబుతాయి. చదివేవాళ్లు ఏ పేజీలో ఆగిపోయారో రాసినవాళ్ల ఫోనుకి అప్పటికప్పుడే చేరిపోతుంది. నా తొలి నవల నేనే అచ్చేయించుకుని, యూనియన్ మీటింగులో మూడు వందల మందికి పంచాను. వారం గడిచినా ఒక్కరూ పన్నెండో పేజీ దాటలేదు. జూట్ మిల్లులో నా పక్క మగ్గం మీద పనిచేసే సైదమ్మ కూడా సొంతంగానే ఒక నవల వేసుకుంది. దాన్ని జనం చివరిదాకా చదువుతున్నారట! నాకు ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లు మైకు పట్టుకుని అరిచింది నేను, చదివించుకునేది ఇదా?

భోజనాల వేళ సైదమ్మ క్యారేజీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది.

"వదినా, నీ నవల పొద్దున్నే అయిపోయింది. సమ్మె విరిగిపోయేచోట ఏడ్చేశాను."

ఫోను చూశాను. నిజమే. నా పుస్తకం చివరిదాకా చదివింది అదొక్కతే.

"మరి నా పుస్తకం మూడో పేజీలోనే ఆపేశావేం? అంత చెత్తగా ఉందా?" అంది.

తీరిక లేదని బొంకుదామనుకున్నాను. నోరు రాలేదు.

"చెత్తగా ఉంటే మొత్తం చదివి, మిల్లంతా చాటేదాన్ని. బాగుందే, అందుకే ఆపేశాను" అన్నాను.