ఖాళీగా వదిలిన గడులు

మా ఆసుపత్రి నుంచి తల్లులకు టీకాల సంగతి గుర్తుచేసే ఫోన్లు కంప్యూటరే చేస్తుంది. నంబరు నేను కొట్టి పంపాలి. అది తప్పనిసరి. ఏం చెప్పాలి, ఎవరి గొంతుతో చెప్పాలి అనే గడులు నింపడం మాత్రం మన ఇష్టం.

"ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందన్నా?" అని కంప్యూటర్లు చూసే అన్నను అడిగాను.

"దానికి తోచింది అదే పెట్టుకుంటుంది. నీలాగా ప్రతిదానికీ కంగారుపడదులే," అని నవ్వి ఇంటికెళ్ళిపోయాడు.

చీకటిపడింది. సరిగ్గా పోతోందో లేదో చూద్దామని మా ఇంటి నంబరే కొట్టి, మిగతా గడులు వదిలేసి పంపాను. అవతల ఫోనెత్తారని తెర మీద పడింది. టీకా మాట చెప్పడానికి పట్టేదానికన్నా చాలాసేపు ఆ ఫోను నడుస్తూనే ఉన్నట్టు తెర చూపించింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

అది ఆగగానే నేనే ఇంటికి ఫోన్ చేశాను.

"మళ్ళీ ఏంటమ్మా?" అంది అత్తయ్య. "గుమ్మం దగ్గరున్నానని చెప్పి తలుపు తియ్యమంటివి. తీశానుగా."

"పాపేది అత్తయ్యా?"

"నీ గొంతు వినగానే చంక దిగి వాకిట్లోకి పరుగెత్తింది. చలిగా ఉంది, ఇద్దరూ లోపలికి రండి."