పెట్టే చెయ్యి

ఆడవాళ్ళ వార్డు గుమ్మంలోనే ఆమె ఆగిపోయింది.

అత్తగారి మంచం అంచున ఎవరో ముసలాయన కూర్చుని, ఆవిడ నోటికి చెంచాతో జావ అందిస్తున్నాడు.

మాసిన గడ్డం. లోతుకు పోయిన బుగ్గలు. ఒంటిమీద నిలవని చొక్కా.

"ఎవరయ్యా నువ్వు?"

"ఇక్కడే ఉంటానమ్మా."

"మా అత్తగారికి నువ్వు పెట్టడమేమిటి?"

"పెట్టేవాళ్ళు లేరని పెడుతున్నాను."

ఆమెకు ఆ మాట చురుక్కుమంది.

చర్చిలో ఆమెను అందరూ సేవమ్మ అంటారు. ఈ ఆస్పత్రికి భోజనాలు పంపేది ఆమె. అనాథలకు దుప్పట్లు పంచేది ఆమె. దూరపు ఊళ్ళకు జనాన్ని పోగుచేసుకుని వెళ్ళేదీ, ఆదివారం ఆరాధన అయ్యాక మైకు పట్టుకుని "ఇంకా చేతులు కావాలి, రండి" అని పిలిచేదీ ఆమే. భర్తది ఓడలో ఉద్యోగం, ఏడాదిలో సగం నీళ్ళమీదే. అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆస్పత్రిలో చేర్చింది గానీ, ఆమె దగ్గర కూర్చునే తీరిక మాత్రం చిక్కలేదు. ఊరి పనంతా నెత్తినేసుకున్న మనిషికి ఇంటి పని చివరి వరసలోనే ఉంటుంది.

"ఈ వార్డుకు రోజూ అన్నం పంపేది మా చర్చే. ఎవరూ లేరంటావేంటి?" అంది.

"పంపుతున్నారమ్మా. కంచం దాకా వస్తోంది. నోట్లోకి వెళ్ళాలిగా."

వెనకాల ఒకే రంగు టోపీలు పెట్టుకుని నిలబడ్డ చర్చి బృందం మొహమొహాలు చూసుకుంది. అందులో ఉన్న దర్జీ ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"ఇలాంటివాళ్ళు ఆస్పత్రుల్లో తిరుగుతూనే ఉంటారమ్మా. రోగుల కంచాలే వీళ్ళకు ఆధారం. ఒక చెంచా వాళ్ళకి, నాలుగు చెంచాలు వీళ్ళకి."

ఆమె కంచం వంక చూసింది. ఖాళీ. అత్తగారి చేతుల వంక చూసింది. పుల్లలు.

ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

"నోరులేని మనిషి కూడు తినడానికి చేతులెలా వచ్చాయి నీకు?"

ముసలాయన చెంచా కింద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. ఎందుకో కొంచెం నవ్వాడు కూడా.

"నేను తినలేదమ్మా."

"మరి ఇంత ఆకలిమొహం ఏంటి నీకు?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. లేవబోతుంటే అత్తగారు ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. సేవమ్మే ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది.

"అమ్మకు నెమ్మదిగా పెట్టండి. ఒకటి మింగాకే ఇంకోటి," అన్నాడాయన వెళుతూ.

"మాకు నువ్వు నేర్పక్కర్లేదు."

పెద్ద డాక్టరు ఆమె మాట కాదనలేకపోయాడు. మగవాళ్ళు ఆడవాళ్ళ వార్డులోకి రాకూడదన్న రూలు ఎటూ ఉన్నదే. ఆ సాయంత్రం నుంచి గుమ్మంలో కాపలా మనిషిని కూర్చోబెట్టారు. భోజనాల వేళకు ముసలాయన వరండా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడేవాడు. కాపలా మనిషి అదిలించేవాడు. ఆయన వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

చర్చి నుంచి వంతులవారీగా మనుషులు వచ్చారు. పంతులమ్మ వచ్చింది, దర్జీ భార్య వచ్చింది. అందరూ పెట్టబోయారు. అత్తగారు పెదవులు బిగించి కిటికీ వైపు తల తిప్పుకుంది.

"మొండి ఘటం," అన్నారు.

సేవమ్మ కూడా ఒకరోజు వచ్చి కూర్చుంది.

"తినండి అత్తయ్యా. నేనండీ, మీ కోడల్ని."

అత్తగారు ఆమె వంక చాలాసేపు చూసి నోరు తెరిచింది. ఒక చెంచా వెళ్ళింది. రెండోది వెళ్ళేలోపు ఫోను మోగింది. దుప్పట్ల లారీ వచ్చిందట.

"ఇప్పుడే వస్తా అత్తయ్యా," అని చెంచా కంచంలో పెట్టి లేచింది.

ఆ ఇప్పుడు మళ్ళీ రాలేదు. ఆ వారంలోనే అత్తగారు కన్నుమూసింది.

సమాధి దగ్గర పాస్టరుగారు మాట్లాడుతూ, సొంత అత్తగారిని దేవుడి చేతిలో పెట్టి పరాయివాళ్ళకు అన్నం పెట్టిన కోడలు ఎంతమందికి దొరుకుతుందన్నారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ మెప్పు వింటూ సేవమ్మ మాత్రం తన కుడిచేతి వంక చూసుకుంది.

కొన్నాళ్ళకు అత్తగారి పేరు మీద ఆస్పత్రి మొత్తానికి భోజనాలు పెట్టించింది. తనే వడ్డించింది. అన్ని మంచాలూ అయ్యాక కూడా గిన్నెలు బరువుగానే ఉన్నాయి. కిటికీ అవతల వరండా ఖాళీగా కనిపించింది.

కంచం నిండా వడ్డించి నర్సు దగ్గరకు తీసుకెళ్ళింది.

"సిస్టర్, ఇక్కడ తిండికోసం తిరిగే ముసలాయన ఒకడుండాలి, గడ్డమాయన. పిలిపించండి. ఆ రోజు నేనూ కాస్త గట్టిగానే అన్నాను. ఇవాళైనా కడుపునిండా తిని వెళ్తాడు."

నర్సు ఆ కంచం వంక చూసింది కానీ అందుకోలేదు.

"ఆయన పక్క వార్డు పేషెంటు మేడమ్, మొన్న శుక్రవారం పోయారు. గొంతు కింద పుండుతో అన్నం దిగే దారి మూసుకుపోయి, పొట్టకు పెట్టిన గొట్టంలో మేం పోసే పాలే తప్ప, ఆయన నోట్లో మెతుకు పడి ఏడాది దాటింది."