యోనా పాట వినేవాళ్లు

మొగుడు పరాయి మోజులో పడ్డాడని ఏ ఆడదైనా ఏడిస్తే ఊరు జాలిపడుతుంది. దుర్గ ఏడిస్తే మాత్రం పలాసలో వాళ్ల వీధి వీధంతా నవ్వింది.

ఆమె సవతి పేరు క్లారినెట్టు.

దాన్ని వాయించేది టెక్కలి బ్యాండు మేళంలోని యోనా. అతను ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊళ్లో, పిలుపు ఉన్నా లేకపోయినా, జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ దుర్గ మొగుడు రామూర్తి హాజరు.

"టెక్కలి రైలు గేటు కాడ సూడాల్సింది దుర్గా! ఊరేగింపు ఎల్తంటే గేటు పడిపోనాది. గూడ్సు బండి కదల్దు. యోనా ఒక్క పాటే పట్టుకుని, సాగదీసి, ఇరిసి, ఊళ్లన్నీ తిప్పి మళ్లీ ఇంటికి తెచ్చినాడు. గేటు తీసినా పెళ్లికొడుకు కదల్లేదు."

"మరి పెళ్లికూతురో?"

"ఆ పిల్లనెవుడు సూసినాడు?"

"పోనీ, మన పెళ్లికి నాను ఏ రంగు సీర కట్టినాను బావా?"

రామూర్తి అన్నం కలుపుతూ కాసేపు ఆలోచించాడు.

"నందిగాంలో వానొచ్చినప్పుడు గానీ యోనా..." అని మొదలెట్టాడు.

లోకంలో అతనికి ఒక్కతే శత్రువు. నెరిసిన జుట్టు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. మేళం వాళ్లు సువర్ణమ్మ గారూ అంటుంటే విన్నాడు. పాట మంచి పట్టు మీదుండగా ఆమె చెయ్యెత్తేది. యోనా ఠక్కున ఆపేసి, బుద్ధిగా ఆమె వెంట వెళ్లిపోయేవాడు.

"మేనేజరమ్మ! ఇంకో ఊరి బేరం ఉంటాది. ఆడ్ని గానుగెద్దులాగ తిప్పుతాంది" అనేవాడు రామూర్తి.

ఆమె ఎవరని మాత్రం ఎవరినీ అడగలేదు. అభిమానులకు అంత తీరిక ఉండదు.

అక్కుపల్లిలో దుర్గ పిన్ని కూతురి పెళ్లికి అదే మేళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక యోనా పందిరి వెనక చెయ్యి కడుక్కుంటున్నాడు. సువర్ణమ్మ ఆటో మాట్లాడుకుని గబగబా వచ్చింది.

"బాబూ, యోనా ఏడీ? రైలుకి టైమైపోతాంది."

"ఇప్పుడే ఎవుడో మోటారు సైకిలెక్కించుకుని పలాస స్టేషనుకి తీసుకుపోనాడమ్మా" అన్నాడు రామూర్తి, కన్నార్పకుండా.

ఆమె నమ్మి ఆటో ఎక్కింది.

దుర్గ విని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సువర్ణమ్మ గారేరి?" అన్నాడు యోనా వచ్చి. అతని మొహం కాస్త ఉబ్బి ఉంది.

"రైలు రేపెక్కుదామన్నారు. ఈ రోజుకి నీ ఇష్టమొచ్చినంతసేపు వాయించమన్నారు!" అన్నాడు రామూర్తి.

యోనా పసివాడిలా నవ్వాడు.

పొద్దు వాలేదాకా వాయించాడు. వలలు అల్లుకునేవాళ్లు వలలు వదిలి వచ్చారు. వంటవాళ్లు గరిటెలతో సహా వచ్చారు. దుర్గ మొదటిసారి తన సవతిని క్షమించింది.

"ఇదీ! అన్నిటికన్నా ఇదీ!" రామూర్తి కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి వారం వజ్రపుకొత్తూరు పెళ్లికని వెళ్లినవాడు, మేళం మొదలవకుండానే తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏటి బావా, మేనేజరమ్మ ముందే సెయ్యెత్తేసిందా?"

"యోనా లేడే."

"ఏ ఊరెల్లినాడు?"

"మట్టి సేసీసినారు. అక్కుపల్లి పెళ్లి మర్నాడే పోనాడంట."

దుర్గ చేతిలో చేట ఆగిపోయింది.

"కిడ్నీలు పాడైపోనాయంట. వారానికి రెండుసార్లు ఆ సువర్ణమ్మే ఇశాపట్నం తీసుకెల్లి రకతం కడిగించీదంట. ఆ రోజు బండి ఎల్లిపోయినాక కూడా, ఆడొస్తాడని స్టేషన్లోనే కూకుందంట."

దుర్గ చేట దించి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"డాక్టరు ఊదొద్దన్నాడంట. ఊదకపోతే ఆడు ముద్ద ముట్టట్లేదని ఆవిడే కాళ్లావేళ్లా పడి ఒప్పించిందంట. కాసేపే ఊదుతాడు, నాను పక్కనుండి ఆపుతానని."

"మొగుడ్ని అంతలా కాసుకుందేటి బావా!"

"మొగుడు కాడు."

"తమ్ముడా?"

"ఏటీ కాడు."

రామూర్తి అప్పుడు చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"తప్పు నాదే దుర్గా. ఆవిడ ఎవులి పెళ్లిలోనో యోనా పాట ఇని, ఇడవలేక ఎనకాల తిరిగిందంట... ఆవిడా నాలాగ ఇనడానికొచ్చిన మడిసే."